గ్రోత్ హార్మోన్ ఎక్కువై గురక, ఊపిరి ఆగడం: ఆపరేషన్ ఉంది కదా, సీప్యాప్ మెషిన్ ఇప్పుడే కొనాలా?

స్వాతి_ఈసీఐఎల్

అందరికీ నమస్తే అండి. మా ఆయన గురించి అడగాలి, పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా ఆయనకి 43. సొంత కారు, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు ఎక్కువ, అంటే రాత్రిళ్ళు, తెల్లవారుజామున ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీదే ఉంటారు. గురక చాలా ఏళ్ళ నుంచి ఉంది, మా మామగారికీ ఉండేదట, అందుకే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఈ మధ్య గురక మధ్యలో ఆగిపోతోంది. పూర్తిగా సైలెంట్. నేను లేచి కూర్చుని చూస్తుంటాను, ఛాతీ, పొట్ట కదులుతూనే ఉంటాయి కానీ ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి ఉండదు, తర్వాత ఒక్కసారిగా నీళ్ళలో మునిగి పైకి తేలినవాళ్ళలా గట్టిగా లాగుతారు, మళ్ళీ గురక. పొద్దున తలనొప్పితో లేస్తారు. మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర బండి ఆపినా కళ్ళు మూతలు పడుతున్నాయి అని ఆయనే చెప్పారు, అది విన్నాక ఇక ఆగలేక చెస్ట్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో చేసే టెస్ట్) చేస్తే ఏహెచ్ఐ, అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి అడ్డుపడుతుందో ఆ లెక్క, 52 వచ్చింది, ఆక్సిజన్ 74 శాతం దాకా పడిపోయింది, సివియర్ అన్నారు. అయితే ఆ డాక్టర్ గారు రిపోర్ట్ చదువుతూ మధ్యమధ్యలో ఈయన చేతులే చూస్తున్నారు. చెప్పుల సైజు పెరిగిందా, ఉంగరం పట్టడం లేదా, పళ్ళ మధ్య సందులు వచ్చాయా, చెమట ఎక్కువ పోస్తుందా అని వరసగా అడిగారు. అన్నీ ఉన్నాయి! పెళ్ళి ఉంగరం వేలికి బిగుసుకుపోతే బంగారం షాపులో కట్ చేయించాం, చెప్పులు 8 నుంచి 10కి వచ్చాయి, ఒళ్ళు చేశారు అనుకున్నాం అంతే. పాత డ్రైవింగ్ లైసెన్స్ ఉందా అని అడిగి ఆ ఫోటో, ఇప్పటి మొహం పక్కపక్కన చూపించారు. నుదురు ముందుకొచ్చింది, ముక్కు వెడల్పైంది, కింది దవడ సాగింది. రోజూ చూసే మొహం కదా, మాకు తెలియనే లేదు.

తర్వాత ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల ఒంట్లో తయారయ్యే ఇంకో హార్మోన్) రక్త పరీక్ష చేయిస్తే చాలా ఎక్కువ ఉంది. గ్లూకోజ్ నీళ్ళు తాగించి చేసే గ్రోత్ హార్మోన్ టెస్ట్ కూడా చేశారు, దిగాల్సింది దిగలేదు. ఎంఆర్ఐలో పిట్యూటరీలో (మెదడు కింద ఉండే చిన్న గ్లాండ్) 14 ఎంఎం గడ్డ. ఆక్రోమెగాలీ అన్నారు, అంటే పెద్దవాళ్ళలో గ్రోత్ హార్మోన్ ఎక్కువై వచ్చే జబ్బు. కేన్సర్ కాదు, ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీస్తాం, వచ్చే నెల డేట్ ఇస్తాం అన్నారు.

ఇప్పుడు అసలు సమస్య. చెస్ట్ డాక్టర్ వెంటనే సీప్యాప్ (నిద్రలో మాస్క్ ద్వారా ప్రెషర్‌తో గాలి పంపే మెషిన్) పెట్టుకోమన్నారు. ఇంట్లో వాళ్ళేమో గడ్డ వల్లే గురక వస్తోందని తెలిసింది, గడ్డ తీసేస్తే గురక పోతుంది, నెల రోజుల కోసం అంత డబ్బు పోసి మెషిన్ ఎందుకు అంటున్నారు. ఆయనకి మాస్క్ అంటేనే ఊపిరాడనట్టు ఉందట. ఆపరేషన్‌కి కూడా డబ్బు కావాలి కదా. ఆపరేషన్ అయ్యాక గురక పూర్తిగా పోయినవాళ్ళు ఉన్నారా? అప్పటిదాకా మెషిన్ లేకుండా లాగించవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాము_మల్కాజ్‌గిరి

అక్కా, నాకు గూడ గిదే ఉండె. ఆపరేషన్ అయ్యి కొన్నేండ్లు అయితుంది, ఇప్పుడు మంచిగనే ఉన్న, నువ్వేం బుగులు పడకు.

కానీ ముందుగాల ఒక్క మాట చెప్త, ఆపరేషన్ దాకా మెషిన్ ఆపకు. 52 అంటే గంటకు 52 సార్లు ఊపిరి ఆగుతుందో సగం పడుతుందో అన్నట్టు, అంటే నిమిషానికి దగ్గర దగ్గర ఒక్కసారి. రాత్రంత పండుకున్నట్టే ఉంటది గని మెదడుకు నిద్ర ఉండదు. గట్ల బండి నడుపుడు అసలే వద్దు. ఓఆర్ఆర్ మీద ఇప్పుడు స్పీడ్ లిమిట్ 120 ఉన్నది, ఆ స్పీడ్‌ల మూడు సెకన్లు కన్ను మూస్తే బండి వంద మీటర్లు పోతది. అన్నకు గీ లెక్క చెప్పు.

ఇగ గురక పోతదా అని అడిగినవ్ కదా. ఆపరేషన్ అయినంక కొన్ని దినాలకే నా చేతులు మెత్తగైనయ్, వాచినట్టు ఉండేది తగ్గింది, చెమట తగ్గింది, పొద్దున లేస్తే పిడికిలి మూయడానికి వచ్చేది కాదు, అది వచ్చింది. నాలుక గూడ పల్చగైనట్టు నాకే తెలిసింది, మాట తేటగ వస్తుందని మా అమ్మ అన్నది. గురక గూడ సగానికి తగ్గింది. అప్పుడు ఇంట్ల అందరు ఇగ మెషిన్ తీసెయ్ అన్నరు. మూడు నెలలకు ఐజీఎఫ్-1 నార్మల్ వచ్చింది, అందరు ఖుష్. కానీ మా ఎండోక్రైన్ డాక్టర్, అంటే హార్మోన్ల డాక్టర్, ఒప్పుకోలే. హార్మోన్ నార్మల్ అయితే నిద్ర నార్మల్ అయినట్టు కాదు, మళ్ళ స్లీప్ టెస్ట్ చెయ్యి అన్నడు. చేస్తే 20కి పైన వచ్చింది. ముందుగాల 60 దాకా ఉండె, గంత దిగింది కానీ పోలే. ఎందుకంటే మెత్తటి కండ వాపు దిగుతది, పెరిగిన దవడ ఎముక మాత్రం ఎనుకకు పోదు. ఇప్పటికీ రాత్రి మెషిన్ పెట్టుకునే పండుకుంట, ప్రెషర్ మాత్రం ముందటి కన్న తక్కువ.

నాతోని అదే వార్డుల ఉన్న ఒకాయనకు మొత్తం పోయింది, టెస్ట్ చేపిచ్చుకొని మెషిన్ వాపస్ ఇచ్చిండు. అంటే మనిషి మనిషికి వేరే ఉంటది, ముందుగాల ఎవ్వరు చెప్పలేరు. గురక వినబడుతలేదని మాత్రం నమ్మకు. గురక తక్కువున్నా ఊపిరి ఆగుడు ఉండొచ్చు.

స్లీప్‌ల్యాబ్_టెక్నీషియన్

స్వాతి గారూ, నేను సిటీలో ఒక స్లీప్ ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్‌ని కాదు, రాత్రంతా వైర్లు పెట్టి కూర్చుని గ్రాఫ్ చూసేది నేనే, కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

మీరు రాసిన మాట, ఛాతీ పొట్ట కదులుతాయి కానీ గాలి రాదు అన్నది, సరిగ్గా అదే మేము రాత్రంతా వెతికేది. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకి ఒక బెల్టు కడతాం, ముక్కు దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. సెన్సర్ లైన్ చదునుగా అయిపోయి బెల్టులు రెండూ కదులుతుంటే అది అబ్‌స్ట్రక్టివ్, అంటే మనిషి లాగుతున్నాడు కానీ గొంతు దగ్గర దారి మూసుకుపోయింది. బెల్టులు కూడా ఆగిపోతే అది సెంట్రల్, అంటే మెదడు నుంచే ఊపిరి తీయమన్న సిగ్నల్ రాలేదు. పది సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగితేనే లెక్కలోకి తీసుకుంటాం. గంటకి 5 నుంచి 15 మైల్డ్, 15 నుంచి 30 మోడరేట్, 30 దాటితే సివియర్. ఆక్రోమెగాలీ వాళ్ళలో ఎక్కువగా అబ్‌స్ట్రక్టివే ఉంటుంది, కొందరిలో సెంట్రల్ కూడా కలుస్తుంది. మీ రిపోర్ట్‌లో ఈ రెండూ విడివిడిగా రాసి ఉంటాయి, ఒకసారి చూడండి, మెషిన్ రకం ఎంచుకోవడానికి డాక్టర్‌కి అది కావాలి.

మామూలుగా స్లీప్ ఆప్నియా (నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బు) అంటే లావుగా ఉన్నవాళ్ళకే అనుకుంటారు. గ్రోత్ హార్మోన్ ఎక్కువైనవాళ్ళలో బరువు లేకపోయినా వస్తుంది, ఎందుకంటే నాలుక పెద్దదవుతుంది, అంగిలి, కొండనాలుక, గొంతు గోడలు అన్నీ దళసరి అవుతాయి, దవడ ఆకారం మారుతుంది. ఆక్రోమెగాలీ ఉన్నవాళ్ళలో సగానికి పైగా మందికి ఇది ఉంటుందని చెప్తారు. అందుకే ఈ జబ్బు తేలిన ప్రతి ఒక్కరికీ నిద్ర గురించి అడగాలి, అలాగే మా దగ్గరికి గురకతో వచ్చినవాళ్ళ చేతులు, దవడ కూడా చూడాలి. మీ చెస్ట్ డాక్టర్ గారు చేసింది చాలా పెద్ద మేలు, నిజంగా. ఇలాంటి కేసులు ఏళ్ళ తరబడి షుగర్‌కి ఒక దగ్గర, బీపీకి ఒక దగ్గర, చేతుల తిమ్మిరికి ఇంకో దగ్గర తిరుగుతూనే ఉంటాయి, అన్నీ ఒకే గ్లాండ్ నుంచి వస్తున్నాయని ఎవరూ కలిపి చూడరు.

డబ్బు సంగతి. ఇప్పుడే కొనకండి, అద్దెకి తీసుకోండి. హైదరాబాద్‌లో నెలకి అద్దెకిచ్చే డీలర్లు చాలామంది ఉన్నారు, మీ డాక్టర్ దగ్గరే నంబర్ దొరుకుతుంది. మాస్క్ మాత్రం సొంతంగా కొత్తది కొనుక్కోవాలి. ఆటో సీప్యాప్ తీసుకోండి. ఆపరేషన్ తర్వాత వాపు దిగేకొద్దీ కావాల్సిన ప్రెషర్ తగ్గుతుంది, పాత ఫిక్స్‌డ్ ప్రెషర్ మీదే ఉంచితే గాలి కడుపులోకి పోయి ఉబ్బరం వస్తుంది, మాస్క్ పక్కల నుంచి లీక్ అవుతుంది, అప్పుడు మనిషి విసుగొచ్చి తీసి పారేస్తాడు. ఆటో అయితే ఆ రాత్రికి ఎంత కావాలో అంతే ఇస్తుంది.

మాస్క్ దగ్గర జాగ్రత్త పడండి. ముక్కు వెడల్పై, కింది దవడ ముందుకొచ్చిన మొహానికి మామూలు మీడియం సైజు సరిపోదు, మేము లార్జ్ పెట్టినా కళ్ళ వైపు గాలి కొడుతుంది ఒక్కోసారి. ఆయన్ని కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి ట్రయల్ వేయించండి, పడుకుంటే దవడ జారుతుంది, లీక్ అప్పుడే బయటపడుతుంది. నోరు తెరిచి పడుకునే అలవాటుంటే నోరు, ముక్కు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ కావాలి. ఊపిరాడనట్టు ఉందన్నారు కదా, ర్యాంప్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, తక్కువ గాలితో మొదలై నిద్ర పట్టేలోపు మెల్లగా పెరుగుతుంది. ముందు రెండు మూడు రోజులు పగలు టీవీ చూస్తూ మాస్క్ పెట్టుకోమనండి. అలవాటవుతుంది.

శ్రీనివాస్_దిల్‌సుఖ్‌నగర్

మేడమ్ మెషిన్ కన్నా ముందు ఒక పక్కకి తిరిగి పడుకోవడం, రాత్రి తొందరగా తినడం, ముక్కులో ఆవు నెయ్యి చుక్కలు ట్రై చేయండి, మా నాన్నగారికి గురక చాలా తగ్గింది. మా బంధువుల్లో మెషిన్ కొన్నవాళ్ళందరూ మూల పడేశారు.

మత్తు_డాక్టర్_పీజీ

శ్రీనివాస్ గారూ, పక్కకి తిరిగి పడుకోవడం మంచిదే, నాన్నగారికి తగ్గినందుకు సంతోషం. కానీ ఏహెచ్ఐ 52, ఆక్సిజన్ 74 అన్నప్పుడు అది ఒక్కటీ చాలదు. నెయ్యి, నూనె చుక్కలు మాత్రం ఈయనకి దయచేసి వద్దు, కొన్ని వారాల్లో ఆ ముక్కులోంచే ఆపరేషన్ చేయబోతున్నారు, ఆ దారిలో సర్జన్ చెప్పనిదేదీ వేయకూడదు.

స్వాతి గారూ, నేను అనస్తీషియా పీజీ చేస్తున్నాను. మీ డాక్టర్ల మాటే ఫైనల్, కానీ మీ పోస్ట్ చదివాక ఆపరేషన్ వైపు నుంచి రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే నెల రోజుల కోసం మెషిన్ ఎందుకు అన్న ప్రశ్నకి మా దగ్గర చాలా గట్టి జవాబు ఉంది.

మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వేయడం మా పని. ఆక్రోమెగాలీ ఉన్నవాళ్ళలో నాలుక పెద్దది, దవడ పొడుగు, గొంతు లోపల దళసరి, కొందరికి స్వరపేటిక దగ్గర కూడా ఇరుకు. గొట్టం వేయడం కష్టం అవ్వొచ్చని ముందే తెలిస్తే వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపల చూపించే కెమెరా పరికరం), దానికి పెద్ద సైజు బ్లేడ్, అవసరమైతే మెలకువగా ఉండగానే సన్నటి కెమెరా గొట్టంతో వేసే ఏర్పాటు, అన్నీ పక్కన పెట్టుకుని మొదలుపెడతాం. కాబట్టి ప్రీ అనస్తీషియా చెకప్ రోజు స్లీప్ స్టడీ రిపోర్ట్ ఫైల్‌లో అట్టడుగున పెట్టకండి, వెళ్ళగానే చేతికివ్వండి, సివియర్ స్లీప్ ఆప్నియా ఉంది అని నోటితో కూడా చెప్పండి. ఫైల్లో ఉంది కదా చూస్తారులే అనుకోకండి.

రెండోది, ఆపరేషన్ అయ్యాక ముక్కులో ప్యాకింగ్ ఉండొచ్చు, నోటితోనే ఊపిరి తీసుకోవాలి. అసలే గొంతు ఇరుకు, పైన మత్తు ప్రభావం, నొప్పి మందుల్లో కొన్ని ఊపిరిని తగ్గిస్తాయి. ఇంతలో ఇంకో చిక్కు. రోజూ వాడే సీప్యాప్‌ని ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు పెట్టనివ్వరు. పుర్రె అడుగున చిన్న దారి చేసి గడ్డ తీస్తారు, దాన్ని మూసిన చోటు మానకముందే ముక్కులోకి ప్రెషర్‌తో గాలి పంపితే ఆ గాలి తలలోపలికి వెళ్ళే ప్రమాదం ఉంది. అందుకే తల ఎత్తు పెట్టి పడుకోబెడతారు, ఆక్సిజన్ మానిటర్ మీద ఉంచుతారు. ఆ రోజుల్లో ఆయన శరీరం మెషిన్ లేకుండా గడపాలి. ఇప్పటినుంచే మెషిన్ వాడి సరిగ్గా నిద్రపోయి, బీపీ, ఆక్సిజన్ కుదుటపడి వచ్చిన మనిషికీ, ఏళ్ళ తరబడి రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ వచ్చిన మనిషికీ తేడా మాకు స్పష్టంగా తెలుస్తుంది.

మెషిన్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో న్యూరోసర్జన్ చెప్పాలి. డిశ్చార్జ్ రోజు ఈ ప్రశ్న అడిగి సమ్మరీలో రాయించుకోండి. ఇంటికొచ్చాక గురక భయమేసి మీ అంతట మీరు మాస్క్ పెట్టేయొద్దు. ముక్కులోంచి నీళ్ళలాంటిది కారుతుంటే, గొంతు వెనక ఉప్పగా దిగుతున్నట్టుంటే, జ్వరంతో తలనొప్పి వస్తే, లేదా విపరీతంగా దాహమేసి గంటగంటకీ యూరిన్‌కి లేస్తుంటే ఆగకుండా ఫోన్ చేయండి. ముక్కు చీదకూడదు, బరువులు ఎత్తకూడదు.

ఇంకోటి అడగండి. 2014లో ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో, గొంతు బాగా దళసరెక్కి సివియర్ స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళకి ఆపరేషన్‌కి ముందు కొంతకాలం గ్రోత్ హార్మోన్‌ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్ ఇచ్చే ఆలోచన చేయొచ్చని ఉంది, వాపు దిగి మత్తు రిస్క్ తగ్గుతుందని. అందరికీ ఇవ్వరు, ఖరీదు కూడా ఎక్కువే. మీ ఎండోక్రైన్ డాక్టర్‌నీ, మత్తు డాక్టర్‌నీ ఇద్దరినీ మాట్లాడుకోమని అడగడంలో తప్పు లేదు. నిద్రమాత్రలు, మద్యం అలవాటు ఉంటే ఇప్పటినుంచే పూర్తిగా బంద్, రెండూ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి.

స్వాతి_ఈసీఐఎల్

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మెషిన్ తర్వాత కొన్నాళ్ళు పెట్టకూడదు అన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు కూడా. రాము గారు రాసిన వంద మీటర్ల లెక్క ఆయనకి చదివి వినిపించాను, ఏమీ మాట్లాడలేదు, సాయంత్రం తనే ఫోన్ చేసి రాత్రి ట్రిప్పులు క్యాన్సిల్ చేసుకున్నారు. మా తమ్ముడు కొన్నాళ్ళు కారు తిప్పుతానన్నాడు.

ఇంకో డౌట్. మాకు ఒక బాబు, ఏడో క్లాసు, వాడూ గురక పెడతాడు, వయసుకి పొట్టిగా ఉంటాడు. వాళ్ళ నాన్న జబ్బుకీ దీనికీ సంబంధం ఉంటుందా?

అమ్మ_రెడ్‌హిల్స్

స్వాతి గారూ, ఈ ప్రశ్న చూసి రాస్తున్నాను, మాది మీకు పూర్తిగా ఎదురు కథ. మా బాబుకి ప్రాడర్ విల్లీ సిండ్రోమ్, వాడికి గ్రోత్ హార్మోన్ తక్కువ, రోజూ రాత్రి నేనే ఇంజెక్షన్ ఇస్తాను. కాబట్టి హార్మోన్, నిద్ర ఈ రెండింటి గురించి చదవడమే నా పని అయిపోయింది.

ముందు మీ బాబు సంగతి. ఆక్రోమెగాలీ చాలావరకు కుటుంబంలో రాదు, కొద్ది కుటుంబాల్లో మాత్రం జీన్స్ వల్ల ఉంటుంది, దాని గురించి మీ ఎండోక్రైన్ డాక్టర్‌ని ఒక మాట అడగండి చాలు. పైగా పిల్లల్లో ఆ హార్మోన్ ఎక్కువైతే పొడుగు విపరీతంగా పెరుగుతారు, పొట్టిగా ఉండరు. మీవాడు పొట్టిగా ఉండి గురక పెడుతున్నాడంటే ముందు ఈఎన్‌టీకి చూపించి టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) సంగతి తెలుసుకోండి. మన ఒంట్లో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా వచ్చేది పడుకున్నాక మొదటి గాఢ నిద్రలోనే. రాత్రంతా ఊపిరి అడ్డుపడి గాఢ నిద్రే లేకపోతే పిల్లల ఎదుగుదల వెనకబడుతుంది. ఆ టాన్సిల్స్, అడినాయిడ్స్ తీశాక ఐజీఎఫ్-1 పెరిగి, బరువూ ఎత్తూ పుంజుకునే పిల్లలు చాలామంది ఉంటారు. ముందే పొడుగు పెరిగే ఇంజెక్షన్ల కోసం పరిగెత్తకండి. పిల్లాడు కుదురుగా కూర్చోడు, చదువు ఎక్కదు అని తిట్టే ఇళ్ళల్లో కూడా ఒక్కోసారి అసలు కారణం ఈ నిద్రే అవుతుంది. ఎదుగుదల చార్ట్ మీద ఎత్తు పాయింట్లు పెట్టించి పిల్లల డాక్టర్‌కి చూపించండి.

మావాడి విషయం కూడా రాస్తాను, ఇది చదివే ఏ తల్లికైనా పనికొస్తుందని. ప్రాడర్ విల్లీ అంటే తండ్రి నుంచి రావాల్సిన 15వ క్రోమోజోమ్‌లో ఒక భాగం పనిచేయకపోవడం. పుట్టినప్పుడు ఒళ్ళంతా వదులుగా, పాలు తాగే బలం కూడా లేకుండా ఉన్నాడు, కొన్నేళ్ళకి ఆకలి మొదలైంది, ఎంత తిన్నా తీరని ఆకలి, ఫ్రిజ్‌కి తాళం వేసుకునే బతుకు మాది. గ్రోత్ హార్మోన్ వాడికి ఎత్తు కోసం మాత్రమే కాదు, కండ పెరగడానికి, కొవ్వు తగ్గడానికి కూడా ఇస్తారు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2000లో ఈ పిల్లలకి దీన్ని ఆమోదించింది. ఆ తర్వాత ఇంజెక్షన్ మొదలుపెట్టిన పిల్లల్లో కొందరు చనిపోయారన్న రిపోర్టులు వచ్చాయి, వాళ్ళలో బాగా ఊబకాయం ఉన్నవాళ్ళు, ఊపిరి దారిలో అడ్డంకి, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళు కనిపించారు. అప్పటినుంచి మందు కాగితం మీదే హెచ్చరిక రాసి ఉంటుంది, విపరీతమైన ఊబకాయం, ఊపిరి అడ్డంకి, స్లీప్ ఆప్నియా ఉన్న ప్రాడర్ విల్లీ పిల్లలకి ఇవ్వకూడదు అని.

అందుకే మా డాక్టర్ గారు ఇంజెక్షన్ రాయకముందే స్లీప్ స్టడీ చేయించారు. అప్పుడు నాకు కోపం వచ్చింది, పిల్లాడు ఎదగకుండా ఉంటే రాత్రంతా తలకి వైర్లు పెట్టడం ఏంటని. రిపోర్ట్‌లో అబ్‌స్ట్రక్షన్ ఉంది, ముందు టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించి, మళ్ళీ టెస్ట్ చేసి బాగుందన్నాకే మొదలుపెట్టారు. మొదలుపెట్టిన కొన్ని వారాలకి ఇంకోసారి. ఎందుకంటే హార్మోన్ లోపలికి వెళ్ళి ఐజీఎఫ్-1 పెరిగితే గొంతులో ఆ కండ మళ్ళీ పెరగొచ్చు. ఇప్పటికీ జలుబు చేసి గురక కొత్తగా మొదలైతే ఆ రోజే ఫోన్ చేయమన్నారు, డోస్ ఆపాలో వద్దో వాళ్ళే చెప్తారు. రాత్రి సూది ఇచ్చాక కాసేపు వాడి ఊపిరి వింటూ పక్కనే కూర్చుంటాను, సమంగా వస్తుంటే లేచి వెళ్తాను.

జిమ్_కూకట్‌పల్లి

ఇక్కడ అడగొచ్చో లేదో. మా జిమ్‌లో ఒకతను గ్రోత్ హార్మోన్ వేసుకో బ్రో కటింగ్ (కొవ్వు కరిగి కండ కనిపించడం) బాగుంటుంది అంటున్నాడు. నాకు బరువు 104, గురక ఉంది, ఒకసారి టెస్ట్ చేయిస్తే ఐజీఎఫ్-1 కూడా తక్కువే వచ్చింది. తక్కువ ఉంది కాబట్టి వేసుకోవచ్చు కదా?

మత్తు_డాక్టర్_పీజీ

బ్రదర్, అడిగి మంచి పని చేశారు, వేసుకోవద్దు. ఒళ్ళు ఎక్కువ ఉండి స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళలో గ్రోత్ హార్మోన్, ఐజీఎఫ్-1 తక్కువగా కనిపించడం మామూలే, గ్లాండ్ పాడైపోయిందని కాదు. బరువు తగ్గి, నిద్ర సరిచేస్తే అవి వాటంతట అవే పెరుగుతాయి, సీప్యాప్ వాడాక ఐజీఎఫ్-1 పెరిగినవాళ్ళు ఉన్నారు. బయటనుంచి వేసుకుంటే ఒంట్లో నీరు పడుతుంది, గొంతులో మెత్తటి కండ ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, గురక ఇంకా ముదురుతుంది. స్వాతి గారి భర్త ఒంట్లో గడ్డ చేస్తున్న పనినే మీరు డబ్బిచ్చి సూదితో చేయించుకున్నట్టవుతుంది. ముందు స్లీప్ స్టడీ చేయించుకోండి.

రాము_మల్కాజ్‌గిరి

తమ్మీ, నా చేతులు, నా దవడ ఫోటోలు కావాలంటే పంపిస్త, చూసినంక నీకే సూది మీద మనసు పోతది. వద్దురా బాబు.

అక్కా, ఇంకో ముచ్చట మరిచిన. కళ్ళ పరీక్ష చేపిచ్చిన్రా? గడ్డ మీదికి పెరిగితే కంటి నరం మీద పడతది, పక్కలకు కనబడకుంట అయితది, డ్రైవర్‌కు అది పెద్ద కథ. ఫీల్డ్ టెస్ట్ అంటరు, చుక్కలు కనబడితే బటన్ ఒత్తాలె. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేపిచ్చిన్రు నాకు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే హాస్పిటల్‌ల ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చొని దేనికి వర్తిస్తది, దేనికి వర్తించది ముందే రాపిచ్చుకో, అడ్మిట్ అయినంక అడిగితే పరేషాన్ అయితది.

స్వాతి_ఈసీఐఎల్

కంటి పరీక్ష రేపు ఉంది రాము గారూ, పక్క చూపు గురించి తప్పకుండా అడుగుతాను. బాబుని కూడా ఈ వారంలోనే ఈఎన్‌టీకి చూపిస్తున్నాం. అమ్మ గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను, మీ బాబు చల్లగా ఉండాలి.

మెషిన్ అద్దెకి తెచ్చాం, ఆటోదే. మొదటి రాత్రి గంటకే తీసేశారు, రెండో రాత్రి ర్యాంప్ పెట్టాక తెల్లవారుజాము దాకా ఉంచుకున్నారు. పొద్దున తలనొప్పి లేదు అని తనే చెప్పారు. మెషిన్ స్క్రీన్ మీద ఏహెచ్ఐ 9 అని చూపిస్తోంది, లీక్ దగ్గర ఎర్ర గుర్తు ఉంది. ఇది ఎలా తగ్గించాలి? గాలికి తేమ కోసం మెషిన్‌కి ఉన్న నీళ్ళ డబ్బాలో వాటర్ క్యాన్ నీళ్ళు పోయొచ్చా? కరెంట్ పోతే ఏం చేయాలి?

స్లీప్‌ల్యాబ్_టెక్నీషియన్

52 నుంచి 9 అంటే చాలా మంచి మొదలు. మెషిన్ చూపించే అంకె ల్యాబ్ అంకెతో అచ్చం సమానం కాదు, కానీ దారి సరైనదే.

ఎర్ర గుర్తుకి స్ట్రాపులు ఇంకా బిగించకండి, అందరూ అదే చేస్తారు, బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది, లీక్ తగ్గదు. పడుకున్నాక మెషిన్ ఆన్ చేసి మాస్క్‌ని కొంచెం ముందుకి లాగి వదలండి, సిలికాన్ అంచు గాలితో ఉబ్బి మొహం మీద సరిగ్గా కూర్చుంటుంది. గడ్డం పెంచుతుంటే తీయించండి. రోజూ పొద్దున ఆ అంచుని సబ్బు నీళ్ళతో కడగండి, మొహం జిడ్డు వల్ల కూడా జారుతుంది. అప్పటికీ తగ్గకపోతే సైజు మార్పించాలి, డీలర్‌ని ఇంటికి పిలవండి.

వాటర్ క్యాన్ నీళ్ళు వద్దు, మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి, రోజూ మిగిలింది పారబోసి కొత్తది పోయాలి. కరెంట్‌కి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద నడుస్తుంది, నీళ్ళ డబ్బా హీటర్ ఆపేస్తే ఎక్కువసేపు వస్తుంది. కరెంట్ పోయి మెషిన్ ఆగిపోయినా మాస్క్‌లో బయటి గాలి వచ్చే రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఊపిరి ఆడదని భయపడక్కర్లేదు, మాస్క్ తీసేసి పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఆపరేషన్‌కి అడ్మిట్ అయ్యే ముందు మెషిన్‌లోని ఎస్‌డీ కార్డులో ఉన్న రోజువారీ రికార్డు డీలర్ దగ్గర ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టుకోండి. తర్వాత మూడు నెలలకి ఐజీఎఫ్-1 చేసే టైమ్‌లోనే డాక్టర్‌ని అడిగి మళ్ళీ స్లీప్ స్టడీకి డేట్ తీసుకోండి. మెషిన్ ఉంచాలా, వాపస్ ఇవ్వాలా అన్నది ఆ రిపోర్ట్ వచ్చాకే, అప్పటిదాకా అద్దె కొనసాగించండి. మాస్క్ సైజు సంగతి ఏమైందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.